కదిరి తేరునాడు మా జీపు

మొన్న సముద్రం పక్కనున్న ఒక ఊరికి పోయి, రైలు దిగిన యాత్రికులను ఒడ్డుదాకా చేరవేసే చిన్న బస్సెక్కాను. ఎత్తు మీద బండి ఆగి మళ్లీ కదిలేసరికి కాలిన క్లచ్ వాసన గుప్పుమంది. పక్కవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, దిగేదాకా వదల్లేదు.

మా నాయన ఓబులేసు కదిరి స్టేషన్ బయట జీపు తోలేవాడు. ఫాల్గుణంలో గుడి తేరు వచ్చిందంటే, శనక్కాయలు అమ్ముకుని కాస్త తెరిపిన పడ్డ పల్లెలన్నీ రైళ్లలో దిగేవి. ఎండకు తారు మెత్తబడేది, అమ్మ కాల్చే ఓళిగల నెయ్యివాసన వీధి చివరిదాకా వచ్చేది, అవ్వ వక్కాకు నములుతూ తేరు మీద చల్లడానికి దవనమూ మిరియాలూ కొంగున మూటగట్టుకునేది, మేము ఇంటి ముందు బచ్చాలాట మానేసి నాయన జీపు కోసం పరుగెత్తేవాళ్లం. బానెట్ మీద, మెట్ల మీద, వెనక తగిలించిన స్టెప్నీ చక్రం పట్టుకుని జనం వేలాడుతుంటే ఆ జీపే ఒక తేరులా కదిలేది.

నాకు పదేళ్లప్పుడు గంగులప్ప అనే ఆసామి వ్యాన్లు కొన్నాడు. స్టేషన్ నుంచి గుడికి తన వ్యాన్లే తిరగాలన్నాడు. అతని మనుషుల చేతుల్లో కర్రలు చూసి మిగతా జీపులవాళ్లు తప్పుకున్నారు. నాయన తప్పుకోలేదు.

తేరునాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఉరవకొండ నుంచి వచ్చిన ఒక ముసలవ్వనూ ఆమె మనుషులనూ ఎక్కించుకున్నాడు. గంగులప్ప తమ్ముడు సూరి సైకిల్ చైన్ చేతికి చుట్టుకుని, మనుషులను వెంటేసుకుని అడ్డం వచ్చాడు.

"దించప్పా జనాల్ని. ఈ దావ మాది."

"దావ మీ నాయన ఏసినాడా? జరుగు."

చైన్ లేచింది. అద్దం పగిలి నా ఒళ్లో పడింది. రెండో దెబ్బకు ముసలవ్వ చెంప చీరుకుపోయింది. వెనకవాళ్లను జుట్టు పట్టి కిందికి లాగారు. నాయన జాకీ రాడ్డు తీసుకుని దిగాడు. అంతవరకు ఆయన చేయి ఎవరి మీదా లేవడం నేను చూడలేదు; ఆ రోజు రాడ్డు తగిలి ఒకడి పళ్లు రాలాయి. ఎవడో కర్రతో నాయన ఎడమచేతిని విరిచాడు. ఆ తోపులాటలో జీపు వాలులో వెనక్కి జారింది. చక్రం కింద సూరి కాలు పడింది. ఎముక విరిగిన చప్పుడు, తర్వాత వాడి కేక.

నెత్తురు చూసి గంగులప్ప మనుషులు వ్యాన్లతో సహా పారిపోయారు. నాయన ఒంటిచేత్తో సూరిని లాగి జీపులో వేశాడు.

"చంపొద్దన్నా," అని వాడు ఏడ్చాడు.

"చంపేదుంటే ఈడ్నే చంపుదును. నోరు మూసుకోని పట్టుకో."

"నా మొగం పగలగొట్నోడు వీడేనప్పా," అంటూనే ముసలవ్వ తన కొంగు చింపి వాడి తొడకు బిగించింది.

నాయన ఎడమచేయి వేలాడుతోంది. ఆయన క్లచ్ తొక్కి "ఊఁ" అన్నప్పుడల్లా నేను రెండు చేతులా గేరు లాగాను. క్లచ్ మాడిపోతుండగా, దవనం వాసనలో, మిరియాలు చల్లే జనాన్ని తోసుకుంటూ ఆసుపత్రికి పోయాం. భయంతో నా బట్టలు తడిసిపోయిన సంగతి ఇంటికొచ్చాకే తెలిసింది.

సూరి బతికాడు. మోకాలి కింద కాలు తీసేశారు. వారం తిరక్కముందే మా జీపు తగలబెట్టారు. తమ్ముడి కాలికి జీపుతో చెల్లు అని గంగులప్ప అన్నాడట. జీపు మండుతుండగానే నాయన మచ్చుకత్తి అందుకుంటే అమ్మ గడపకు అడ్డం కూర్చుంది.

"పోతే నన్ను నరికి పో."

మంటలు చల్లారేదాకా నాయన కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత శనక్కాయల మిల్లులో చేరాడు. విరిగిన ఆ ఎడమచేయి మళ్లీ భుజం దాకా లేవలేదు. సూరి ఒక్కసారీ మా గడప తొక్కలేదు.

నాయన పోయాక, ఈ ఏడాది మా అమ్మాయిని తేరుకు తీసుకుపోయాను. స్టేషన్ ముందు జీపులు లేవు, గంగులప్ప వ్యాన్లూ లేవు, వాళ్ల పేర్లెత్తితే తెలిసినవాళ్లూ లేరు. తేరునాడు ఏ బండినీ పోలీసులు లోపలికి వదలడం లేదు. నాయన జీపు కథ చెప్పుకుంటూ, అందరితో పాటు మేమూ ఎండలో నడిచాం. గోపురం కనబడగానే మా అమ్మాయి ఆగి నావైపు తిరిగింది.

"ఇంతేనా అమ్మా ఆ దావ? అప్పుడే వచ్చేసినామా?"