అమ్మకు చెల్లెలు, మాకు పెద్దమ్మ

మొన్న పొద్దున్నే కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మ నిద్రలోనే పోయిందన్నా," అంది పెద్దమ్మ కూతురు. "రాత్రి సంగటి తినింది, ప్రార్థన చేసుకునింది, ఫ్యాన్ తగ్గించమని చెప్పి పండుకునింది. అంతే." నాకు కన్నీళ్ళ కంటే ముందు గుండె కుదుటపడింది. ఇలా రాసినందుకు ఎవరూ తప్పు పట్టొద్దు. ఆమె గురించి మా ఇంట్లో ఏళ్ళ తరబడి భయపడిన ఫోన్ వేరు. టమాటా తోటలో కుప్పకూలిందని ఎవరో చెప్పే ఆ ఫోన్ చివరికి రానేలేదు.

నిజానికి ఆమె మాకు పెద్దమ్మ కాదు, చిన్నమ్మ. మా అమ్మకు సొంత చెల్లెలు. తాత ఒక్కరినే మిషన్ హాస్టల్‌కు పంపగలిగాడు. పెద్దదని అమ్మను పంపాడు. అమ్మ మదనపల్లెలో చదువుకుని నర్సయింది. చెల్లెలు పుంగనూరు దగ్గర ఊళ్ళోనే ఉండిపోయి మేకల వెనక తిరిగింది, తర్వాత టమాటా తోటల్లో కూలికి పోయింది. మొగుడు తొందరగానే పోయాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె తల నెరిసి ఉంది, నడుం వంగి ఉంది, ముందుపళ్ళు లేవు. అమ్మ జడ మాత్రం నల్లగా నిగనిగలాడేది. ఎవరూ నేర్పకుండానే మేం ఆమెను పెద్దమ్మా అన్నాం. అమ్మ కోప్పడితే ఆమే అడ్డం వచ్చింది.

"పిలవనీలేక్కా. నన్ను సూస్తే ఎవురైనా అట్లే అంటారు. బిడ్లదేం తప్పుండాది?"

ఒకసారి పుంగనూరు బస్సులో అందరం నిలబడి ఉంటే, కాలేజీ అమ్మాయి ఒకతె లేచి "అవ్వా, ఈడ కూసో" అని పెద్దమ్మకు సీటిచ్చింది. పెద్దమ్మ మా అమ్మ చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. "ఈమె మా అక్కమ్మా! పెద్దామె గదా కూసోవల్ల!" బస్సంతా నవ్వింది. పెద్దమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మ మాత్రం దిగేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. ఇంటికొచ్చాక నాతో అంది: "ఒక కడుపునే పుట్టినాం. దాని ఒళ్ళు నాకంటే ముందు పరిగెత్తతాండాది. ఇట్లయితే అది ముసలిదయ్యేదాకా బతకదప్పా."

అంత మాట అమ్మ నోట వినడం అదే మొదటిసారి. చాలా ఏళ్ళు నన్ను వదల్లేదు.

తర్వాత పెద్దమ్మ కూతురికి కుప్పంలో జీతం ఉద్యోగం వచ్చింది. తల్లిని తీసుకెళ్ళి ఇంట్లో కూర్చోబెట్టింది. పెద్దమ్మకు కూర్చోవడం చేతకాలేదు. పగలు నడుం వాల్చాలంటే సిగ్గు. గేటు చప్పుడైతే చాలు, గబుక్కున లేచి, ఊడ్చిన ఇంటినే మళ్ళీ ఊడ్చేది. మెల్లగా అలవాటు పడింది. వేళకు తినింది, బీపీ మాత్ర మానకుండా వేసుకుంది, కంటి ఆపరేషన్ చేయించుకుంది, పళ్ళ సెట్టు పెట్టించుకుంది. చూస్తుండగానే చెంపలు నిండాయి. "ఏంది పెద్దమ్మా, వయసు వెనక్కి పోతా ఉందే!" అని నేను ఆటపట్టించాను.

"పనికొకదానికే అలుస్తాదా అప్పా ఒళ్ళు? రేపేం తినల్ల, బిడ్డకు జరమొస్తే యాడికి పోవల్ల అని, పండుకున్యాక గూడా నా బుర్ర కూలికి పోతాండె. ఇప్పుడు అదీ నాతోపాటే పండుకుంటాండాది," అంది.

ఆమెను అంతగా అరగదీసిన బతుకు మీద నాకు కోపం పూర్తిగా పోలేదు. ఆమె పళ్ళూ, ఆమె పడుచుతనమూ ఎవరూ తిరిగి ఇవ్వలేదు. చివరికి అక్క కంటే ముందే పోయింది. కానీ ముసలిదయ్యే పోయింది. సమాధి దగ్గర అమ్మ అదే మాట అని కళ్ళు తుడుచుకుంది. నాకూ అదే ఊరట.

పోయిన క్రిస్మస్‌కు ఇద్దరినీ కుప్పంలో బస్సెక్కించి మదనపల్లెకు తీసుకొస్తున్నాను. సీట్లు లేవు. అమ్మ చేతిలో కర్ర. ఒకాయన లేచి ఇద్దరినీ ఎగాదిగా చూసి, మా అమ్మతో "అవ్వా, నువ్వు కూసో" అన్నాడు. పెద్దమ్మతో "నువ్వు రోంతసేపు కడ్డీ పట్టుకో అమ్మా" అన్నాడు. పెద్దమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

బైరెడ్డిపల్లెలో సీట్లు ఖాళీ అయ్యాయి. కూర్చోమన్నాను.

"యాలప్పా? సిన్నదాన్ని, నిలబడుకుంటా," అంది. పైకడ్డీ పట్టుకుని, బస్సు ఊగినప్పుడల్లా అక్కను చూసి నవ్వుతూ, పలమనేరు దాకా అలాగే నిలబడింది.