మాణెక్క కుట్టిన రెండు జేబుల సంచి

నిన్న పొద్దున్నే తాండూరు నుంచి ఫోన్. మాణెక్క కొడుకు.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

షాక్. మొన్ననే కదా నాతో అంతసేపు మాట్లాడింది!

వికారాబాద్‌లో బస్సెక్కాను. దారంతా ఒక్కటే గుర్తొచ్చింది. ఆ సంచి.

అరవైల నాటి మాట. తాండూరులో మావి పక్కపక్క ఇళ్లు. నాకు తొమ్మిదేళ్లు, ఆమెకు పన్నెండు. నేను బడికి పోయేదాన్ని. ఆమె వాళ్లమ్మతో పప్పు మిల్లుకు, గోనె సంచులు కుట్టడానికి పోయేది.

మా నాయన నాపరాయి గనిలో బండలు కొట్టేవాడు. పిల్లల పలకలు ఊరికే పగిలిపోతున్నాయని నాకు బండనే చెక్కి పలక చేశాడు. "నా బిడ్డ పలక పగలది" అని గనంతా చెప్పుకున్నాడు.

నిజమే, పగల్లేదు. దాన్ని బట్ట సంచిలో వేసి ఏడాది మోసేసరికి నా కుడి భుజం కిందికి జారింది.

అమాస నాడు గని బంద్. నాయన నన్ను నిలబెట్టి, గోడ నిలువు చూసే గుండు దారం నా వీపు వెనక వేలాడదీశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"బడికి పోయి పిల్ల వంకర అయితున్నది. వచ్చే అమాస దాక చూస్త. గిట్లనే ఉంటే బడి బంద్."

పలక బరువని ఎట్లా చెప్పను? ఎంత మురిపెంగా చేశాడు! పోయి మాణెక్క దగ్గర ఏడ్చాను.

నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏడ్వకే. గాడిద మీద మట్టి రెండు దిక్కుల ఏస్తరు గదా. ఒక్క దిక్కే ఏస్తే వంగదా మల్ల?"

మిల్లులో చిరిగిన గోనె తెచ్చి దబ్బనంతో కుట్టింది. తల మీంచి వేసుకునే సంచి. వెనక జేబులో పలక, ముందు జేబులో పుస్తకాలు, సద్ది డబ్బా. భుజాలు కోసుకుపోకుండా పాత చీర మడతపెట్టి కుట్టింది.

బడిలో "గాడిదొచ్చె" అని ఒకటే నవ్వులు. అయినా విప్పలేదు. రోజూ సాయంత్రం మాణెక్క నా భుజాల మీద చేతులు పెట్టి చూసేది. "ఇంక జర ఉన్నది" అనేది. నాకు అన్నం సయించేది కాదు.

అమాస వచ్చింది. మళ్లీ గుండు దారం. నాయన చాలాసేపు చూశాడు.

"సమం అయింది! ఎట్లనే?"

మాణెక్క ఆ సంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పలక బయటికి తీసి, అరచేతిలో పట్టుకుని కూలబడ్డాడు.

"గింత బరువు నేనే ఏసిన్నా బిడ్డా?"

తెల్లారి రేకు పలక కొనుక్కొచ్చాడు. నా బడి ఆగలేదు.

తర్వాత నేనే టీచర్‌నయ్యాను. ఏ పిల్ల బ్యాగ్ ఒక్క భుజానికి వేలాడినా ఊరుకోలేదు. ఊళ్లో అందరి వీపులూ చూశాను.

మాణెక్క ఆ మిల్లులోనే వంగి వంగి గోనెలు కుట్టింది. చివరికి నడుము లేవనే లేదు. ఆ వీపు సంగతి నేను ఒక్కసారన్నా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న చాప మీద పడుకోబెడితే, వంగిన వీపు వల్ల తల నేలకు ఆనలేదు. పాత చీర ఒకటి మడతపెట్టి తల కింద పెట్టాను.

ఇక ఆ దబ్బనం పక్కన పెట్టెయ్ అక్కా. ఏ బరువూ లేకుండా హాయిగా పడుకో.