దారం ముంచి చూసిన సోయా సాస్

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వేసవి పరీక్షలప్పుడు, నేను గుణదలలో ఒక కేటరింగ్ కాలేజీలో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. పిల్లలకు వంట నేర్పడం, పరీక్షకు సరుకులు తెప్పించడం, మార్కులు వేయడం అన్నీ నా నెత్తినే ఉండేవి. ఆ ఏడు ఫైనల్ ప్రాక్టికల్‌కి కొరియన్ బార్బెక్యూ మారినేడ్ పెట్టాం. విజయవాడ కుర్రకారంతా కొరియా తిండి మీద పడ్డాక పెట్టక తప్పలేదు.

చేయడం బ్రహ్మవిద్యేం కాదు. సోయా సాస్, బెల్లం, దంచిన అల్లం వెల్లుల్లి, బేరికాయ తురుము, వేయించి నూరిన నువ్వులు కలిపి, పల్చగా కోసిన చికెన్‌కి పట్టించి, ఓ గంట ఆగి పెనం మీద కాల్చాలి. బేరికాయ మాంసాన్ని మెత్తబరుస్తుంది. పరీక్షకు ముందు ఇంట్లో మూడుసార్లు చేసి, సీసాలో పట్టుకురమ్మని అందరికీ చెప్పాను.

నాగలక్ష్మి అనే అమ్మాయి కూచిపూడి దగ్గర ఒక చేనేత కుటుంబం నుంచి వచ్చేది. చెయ్యి చురుకు, పని శుభ్రం. కానీ వండేటప్పుడు చచ్చినా రుచి చూసేది కాదు. వాళ్లింట్లో వండింది ముందు దేవుడికి పెడతారు, ఈలోగా నోట్లో పెట్టుకుంటే ఎంగిలి. చిన్నప్పటి అలవాటు, చెయ్యి రావడం లేదంది. మా మార్కుల షీటులో 'రుచి చూశారా' అని ఒక గడి ఉండేది. ఇంటర్నల్ పరీక్షలు రెండింటిలోనూ ఆ గడిలో సున్నా వేశాను. అసలే నాకు ముక్కు మీద కోపం. ఇది దేవుడికి పెట్టేది కాదు, కస్టమర్‌కి పెట్టేదని అందరి ముందూ కసిరాను కూడా.

ఫైనల్ రోజే ఒక హోటల్ వాళ్లు ట్రైనీలను ఎంచుకోవడానికి వస్తున్నారు. ఈసారి తప్పితే చదువు మాన్పించి చిన్నాన్న బట్టల కొట్లో కూర్చోబెడతారని ఆ పిల్ల బెంగ. ఇంటి నుంచి తెచ్చిన మూడు సీసాల్లోనూ ఉప్పు చక్కగా అమరింది. రుచి చూడకుండా ఎలాగని అడిగితే, కొలత తప్పనండీ అంది. కొలత అదే ఉన్నా సరుకు మారుతుందని చెప్పాను. 

పరీక్ష రోజున మారింది సరుకే. ఇండెంట్, అంటే స్టోర్‌కి రాసిచ్చే సరుకుల చీటీలో, నేను మాకు కావాల్సిన పల్చటి, ఉప్పటి రకాన్ని చెప్పే 'లైట్' అనే మాట రాయకుండా వట్టి 'సోయా సాస్' అని రాశాను. వాళ్లు డార్క్ సాస్ పంపారు. అది రంగు కోసం వాడేది, చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది. స్టీలు గిన్నెల్లో పోసి ఇవ్వడంతో నేనూ గమనించలేదు.

మిగతా పదకొండు మంది కొలిచి పోసేశారు. నాగలక్ష్మి మాత్రం ఏప్రన్ జేబులోంచి తెల్ల నూలు దారం తీసి సాస్‌లో ముంచింది, కిటికీ వెలుతురులో పెట్టి చూసింది, నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఇది నేను ఇంట్లో వాడింది కాదండీ. దారం టీ రంగుకి రావాలి, నల్లగా వచ్చింది. మా నాన్న రంగు తొట్టిలో ఇలాగే చూస్తారు."

 తప్పెవరిదో నాకు వెంటనే తెలిసిపోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చెవిలో వేస్తే, ముందు పరీక్ష కానివ్వండి అన్నారు. అభ్యర్థికి సలహా ఇవ్వకూడదన్నది రూలు. అందుకని ఒక్క ప్రశ్నే అడిగాను.

"రంగు తెలిసింది. మరి ఉప్పు?"

 ఆ పిల్ల శుభ్రమైన చెంచా తీసుకుని, గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని నాలుక మీద వేసుకుంది. ఉప్పు చాలదు, తీపి ఎక్కువ. సాస్ సగానికి తగ్గించింది, బెల్లం తగ్గించింది, విడిగా ఉప్పు వేసి కలిపింది. మళ్లీ రుచి చూసింది. ఈసారి గోడవైపు తిరగలేదు.

పెనం మీద మిగతావాళ్ల ముక్కలు బొగ్గులా నల్లబడ్డాయి, తింటే వెగటు తీపి. ఆమెవి ఎర్రగా కాలాయి. ఎగ్జామినర్ రెండో ముక్క అడిగి తీసుకున్నారు. హోటల్ వాళ్లు సాయంత్రమే ఆమె పేరు రాసుకున్నారు. నాకు ఎంత సంతోషం కలిగిందో అంత సిగ్గూ కలిగింది. పొరపాటు నాదేనని రిపోర్టులో రాసిచ్చాను. ప్రిన్సిపాల్‌గారు చీవాట్లు పెట్టారు, పెట్టాల్సిందే. మిగిలినవాళ్లకు వారం తిరక్కుండా మళ్లీ పరీక్ష పెట్టాం.

రిపోర్టుకి జతచేయడానికి మార్కుల షీట్లు తిరగేశాను. పదకొండు మందికీ 'రుచి చూశారా' గడిలో టిక్కు ఉంది. అందరూ చూశారు, ఒక్కరూ ఏమీ మార్చలేదు. ఆ గడి తయారుచేసింది నేనే. మరుసటి ఏడు దాన్ని కొట్టేసి, 'రుచి చూశాక ఏం మార్చారు' అని రాశాను.