బండి కదిలిందంటే ఎక్కినట్టే

మా బావ బస్టాండులో కంట్రోలరు. అంటే బస్సు నడపడు, టికెట్లు కొట్టడు, టైరు మార్చడు. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో మైకులో చెబుతాడు, టైమవగానే విజిల్ ఊదుతాడు. ఈ మాత్రానికే ఆయన కళ్ళు ఏనాడో నెత్తికెక్కాయి. చంకలో బిడ్డతో పరిగెత్తుకొస్తున్న మనిషి ఎదురుగా కనిపిస్తున్నా విజిల్ ఊదేస్తాడు. "బండి టైముకి పోవాలి. జనం సంగతి జనం చూసుకోవాలి" అని మళ్ళీ మాకు నీతులు. మా అక్క ఆ మనిషితో ఇన్నేళ్ళు ఎలా వేగిందో నాకిప్పటికీ అంతుబట్టదు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పైచదువుకి విదేశం బయల్దేరింది. పిల్ల తెలివైనదే, కానీ చెప్పులు కొనాలన్నా నాన్ననడగాలి. అలా పెంచాడు. "ఏం చేసినా ముందు నాకు ఫోన్ చెయ్యి" అని తన నంబరొక్కటే చిన్నప్పుడే బట్టీ పట్టించాడు. దారిలో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాలి. మర్నాడు కాలేజీలో చేరకపోతే సీటు పోతుంది. ప్రయాణం ఇంత ఇరుకుగా పెట్టిన ఘనత కూడా బావదే.

ఆ రోజు నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ సెలవు పెట్టి, ముందుగదిలో కుర్చీ వేసుకుని, విమానాల బొమ్మలు కదిలే మ్యాపు ఫోన్లో తెరిచాడు. ఊరికే చూస్తే పీడా పోయేది. బస్టాండు గొంతుతో ఇల్లు అదరగొట్టాడు. మొదటి విమానం ఆలస్యమని ఆ పైలట్‌ని నోటికొచ్చినట్టు తిట్టాడు. అది దిగాక కాసేపటికి చంకలు గుద్దుకున్నాడు.

"రెండో బండి కరెక్టు టైముకి కదిలింది. అమ్మాయి ఎక్కేసింది!"

"ఎక్కానని అది చెప్పిందా?" అంది అక్క వంటింటి గుమ్మంలోంచి.

"బండి కదిలిందంటే ఎక్కినట్టే."

"మొదటిది ఆలస్యమైందన్నారుగా. మరి దానికి అందిందో లేదో..."

"నీకేం తెలుసు? నువ్వూరుకో."

ఫోన్ మోగింది. ఎవరిదో తెలియని నంబరు. తెర మీద విమానం మాయమయ్యేసరికి బావ చిరాగ్గా కట్ చేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్. "పనీపాటా లేని వెధవలు. సరిగ్గా సముద్రం దాటేటప్పుడే చేస్తారు" అన్నాడు. ఈలోగా పక్కింటి టైలరు వస్తే ఆయనకి మ్యాపు చూపించి, "అదిగో, మేఘాల మీద మా అమ్మాయి" అని కోతలు మొదలుపెట్టాడు. టైలరు కళ్ళజోడు సర్దుకుని మరీ చూసి భేష్ అన్నాడు. మూడోసారి మోగితే ఇద్దరూ కలిసి తిట్టారు.

నాలుగోసారి అక్క ఊరుకోలేదు. తడి చేత్తోనే ఫోన్ లాక్కుని స్పీకర్లో పెట్టింది.

"నాన్నా, కట్ చెయ్యకు!" ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు బొంగురుపోయింది.

"విమానంలోంచి ఫోన్ ఎలా చేస్తున్నావే?"

"నేను విమానంలో లేను. పరిగెత్తుకెళ్ళేసరికి నా కళ్ళముందే తలుపేసేశారు. ఎంత బతిమాలినా ఆ తలుపు దగ్గరున్నవాడు వినలేదు. టైమైపోయింది, మీ సంగతి మీరే చూసుకోండన్నాడు. నా ఫోన్ పనిచెయ్యట్లేదు, ఎవరో ఆవిడ తనదిచ్చింది."

"టైమైతే మరి వాడు మాత్రం..." అని అలవాటుకొద్దీ మొదలుపెట్టి, మాట మధ్యలోనే మింగేశాడు బావ. టైలరు ఎప్పుడు జారుకున్నాడో నేను చూడలేదు.

"ఇంకో విమానంలో ఒక్క సీటుందన్నారు. పక్క ఊళ్ళో దిగి రైల్లో వెళ్ళాలి. వెళ్ళనా అని నిన్నడుగుదామని చేశాను, నువ్వు కట్ చేస్తూనే ఉన్నావు. అది ఇంకెవరికో ఇచ్చేశారు."

"సరే సరే. ఇప్పుడు నువ్వేం చెయ్యాలంటే..."

"చేసేశాను. కాలేజీ వాళ్ళతో మాట్లాడాను, ఒక్కరోజు ఆగుతామన్నారు. రేపటి విమానం కూడా నేనే చూసుకున్నాను. ఫోన్ అమ్మకివ్వు."

అక్క స్పీకరు ఆపి, ఫోన్ చెవికి ఆనించుకుని, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. బావ లేచి ఆ తలుపు ముందు నిలబడ్డాడు. నాకు జాలి వెయ్యాలేమో, వెయ్యలేదు.

"ఒక్క మాటే, మాట్లాడి ఇచ్చేస్తా" అన్నాడు. ఆ బస్టాండు గొంతు ఏమైపోయిందో, నాకే సరిగ్గా వినపడలేదు.

లోపలి నుంచి గడియ పడిన చప్పుడైంది.