దుప్పట్ల మీదికి నెట్టిన నేరం

అమ్మమ్మకి అసహ్యం వేయని వస్తువంటూ ఈ లోకంలో లేదు. అంత అసహ్యాన్ని వెంటేసుకుని లాడ్జి లాండ్రీలో ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చిందో ఆవిడకే తెలియాలి. గదుల్లోంచి వచ్చిన దుప్పట్లను చేత్తో ముట్టదు. పట్టకారుతో కొస పట్టుకుని, మొహం అటు తిప్పుకుని, చచ్చిన ఎలుకను మోసినట్టు మోసుకెళ్లి మిషన్లో పడేస్తుంది. తోటివాళ్లు ఆవిడకి పట్టకారమ్మ అని పేరు పెట్టారు.

అలాంటి మనిషి మీదే నింద పడింది.

తాతయ్య దూరాభారపు బస్సు తోలతాడు. ఒకసారి ఇంటికొస్తూనే కాళ్లు ఎడంగా వేసి నడిచాడు. తొడల మధ్య నీటి పొక్కులు లేచి, చిట్లి, పుళ్లయ్యాయి.

"లాడ్జి మురికంతా ముట్టుకుని అదే చేత్తో నా పక్క వేస్తావు. నువ్వు తెచ్చిన రోగమే ఇది!" అని, పురిటికొచ్చి ఇంట్లోనే ఉన్న కూతురి ముందే అనేశాడు.

కూతురు చటుక్కున లేచింది. అమ్మమ్మ ఒళ్లోంచి చంటిదాన్ని తీసేసుకుంది. "కొన్నాళ్లు దీన్ని ఎత్తుకోకమ్మా" అంది గోడకేసి చూస్తూ.

విచిత్రమేమిటంటే అమ్మమ్మ కూడా నమ్మేసింది. చేతులు బ్లీచింగ్ నీళ్లలో ముంచి ముంచి తోమింది. వేళ్ల సందుల్లో తోలు ఊడింది. ఆ చేతులు చూసుకుంటే ఆవిడకే అసహ్యం వేసేది. లోపల చంటిది గుక్కపట్టి ఏడుస్తుంటే, గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది.

చివరికి తనే తాతయ్యను ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఆవిణ్ని కాసేపు బయట కూర్చోమంది.

"అంటించింది నేనే కదమ్మా, నేనూ వినాలి."

డాక్టరమ్మ తాతయ్య వంక చూసింది. ఆయన దర్జాగా తలూపాడు.

"దీన్ని హెర్పిస్ అంటారు. దుప్పట్ల నుంచి రాదమ్మా. గుడ్డ మీద ఆ క్రిమి ఎంతోసేపు బతకదు. ఇద్దరు కలిసినప్పుడు ఒంటికి ఒళ్లు రాసుకుంటుందే, అలా అంటుకుంటుంది. ఒక్కోసారి పుండు పైకి కనపడకపోయినా అంటుకుంటుంది."

"మరి ఈయనకి ఎప్పుడు అంటినట్టు?"

"చెప్పలేం. ఏళ్ల తరబడి ఒంట్లో నక్కి ఉండి ఇప్పుడు బయటపడ్డా పడొచ్చు."

నోరు మూసుకుని ఉంటే తాతయ్య అక్కడితో గట్టెక్కేవాడు. ఆయన నోరు ఎప్పుడు ఆగింది గనక!

"అదెలా వస్తుంది డాక్టరమ్మా? వెళ్లిన ప్రతిసారీ నిరోధ్ తొడుగు వేసుకున్నానుగా!"

అమ్మమ్మ గిరుక్కున ఆయన వైపు తిరిగింది. అమ్మమ్మకి గర్భసంచి ఎప్పుడో తీసేశారు. ఆ ఇంట్లో తొడుగుతో పనిపడి ఏళ్లయింది.

డాక్టరమ్మ మందుల చీటీ మీంచి తలెత్తకుండానే చెప్పింది. "తొడుగు కప్పిన మేరకే రక్షణ. ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పక్కనున్న చర్మం తగిలినా చాలు."

తర్వాత అమ్మమ్మను తెర చాటుకి తీసుకెళ్లి చూసింది. ఇప్పటికైతే ఏమీ లేదనీ, పొక్కు కనిపిస్తే వెంటనే రమ్మనీ చెప్పింది. పిల్లను నిక్షేపంగా ఎత్తుకోవచ్చని కూడా అంది.

దారిపొడుగునా అమ్మమ్మ చీర కుచ్చిళ్లు ఆయనకి తగలకుండా నడిచింది. ఇంటికి రాగానే కూతుర్ని పిలిచింది.

"చెప్పవయ్యా!" అంది, ఇన్నేళ్లూ 'ఏమండీ' దాటని మనిషి.

"ఏం చెప్పను?"

"నా చేతుల సంగతి చెప్పు. మిగతాది నీ ఇష్టం."

"అమ్మ తేలేదే. నేనే బయటనుంచి తెచ్చుకున్నా" అని గొణిగాడు తాతయ్య.

కూతురికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "ఛీ!" అంది. లోపలికెళ్లి చంటిదాన్ని తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. అది ఊరుకుంటుందా, ఆ తోలూడిన వేలునే గట్టిగా పట్టుకుంది. చురుక్కుమన్నా అమ్మమ్మ వేలు లాక్కోలేదు.

కాసేపటికి తాతయ్య పిల్లిలా దగ్గరకి జరిగాడు. "మందు వాడితే తగ్గిపోతుందందిగా డాక్టరమ్మ..."

"పుళ్లు తగ్గుతాయి" అంది అమ్మమ్మ. "నా అసహ్యానికి ఆవిడ మందేమీ రాయలేదు. లే, నీ మంచం వరండాలోకి లాక్కో."