మంగళం లేని కచేరీ

పంతొమ్మిది వందల అరవైల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్లబ్బులో నేను ఫిడేలు వాయించడానికి ఒప్పుకుంటూనే మా బాపు ఒక షరతు పెట్టాడు. "నలుగుర్ల నవ్వులపాలైతే ఫిడేలు బంద్. లగ్గం జేసి పంపిస్త." ఆయన అన్నాడంటే అన్నట్టే. కాలువ నీళ్ల వంతు కోసం ఎంతటి వాడితోనైనా కొట్లాడే చెరుకు రైతు. నాకు ఒళ్లు మండింది.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నాకు ఫిడేలు నేర్పే సారుకు ఫ్యాక్టరీ ఇంజనీరు ఒకాయన ఒక రికార్డు ఇచ్చాడు. ఆ సంగీతాన్ని డివర్టిమెంటో అంటారట. యూరప్‌లో విందుల్లో, తోటల్లో కులాసాగా వినడానికి కట్టిన బాణీ. మనసును పిండేది కాదు. ఒక ఫిడేలు మాట అంటే రెండోది ఎదురు చెబుతుంది, ఇంకోటి మధ్యలో దూరుతుంది. అచ్చం వదినామరదళ్ల పరాచికాలే. సారు దాన్ని విని విని మా వాయిద్యాలకు తగ్గట్టు సర్దారు: ఆయనా నేనూ ఫిడేళ్లు, పెళ్లి బ్యాండులో వాయించే ఒక అన్న క్లారినెట్, సారు భార్య హార్మోనియం.

"గింత హల్కగ ఉంటే గిది సంగీతమేనా సారూ?" అని అడిగాడు క్లారినెట్ అన్న.

"హల్కగ వాయించుడే కష్టం. బరువు పెడితే సచ్చిపోతది," అన్నారు సారు.

కచేరీ నాటి సాయంత్రం క్లబ్బు ముందు షామియానా కింద ఆఫీసర్లు కొందరు, చెరుకు రైతులు ఎందరో. బాపు చేతులు కట్టుకొని ముందు వరుసలో కూర్చున్నాడు. మేము తప్పు లేకుండా వాయించాం. చివరి భాగం గబగబా పరుగెత్తి టక్కున ఆగిపోతుంది. అట్లాగే ఆపాం.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, లేవలేదు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నా ఫిడేలు ఇంతటితో సరి అనుకున్నాను. ఆఖరికి బాపే లేచాడు.

"ఏంది సారు, గట్ల జూస్తున్నరు? మంగళం కానియ్యుండ్రి. గది కాకుంట మేం ఎట్ల లేస్తం?"

మా దిక్కు భజనైనా హరికథైనా మంగళం పాడందే ఎవరూ కదలరు, కదిలితే కీడంటారు. రికార్డులో లేదు కదా, మేమే ఆ సంగతి మరిచిపోయాం. వాళ్లు మర్యాదగా కూర్చుంటే మేము వణికిపోయాం. గుండెల మీది బండ దిగినట్టయింది నాకు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

సారు గబుక్కున అందరికీ తెలిసిన మంగళం ఎత్తుకున్నారు. షామియానా అంతా గొంతు కలిపింది, అప్పుడు గానీ చప్పట్లు మోగలేదు. జనం లేస్తుంటే బాపు వెనక వరుసవాళ్లతో అంటున్నాడు: "గా సారు పక్కన వాయించింది నా బిడ్డె. మంచిగనే కొట్టింది. ఇంకింత నేర్వాలె."

నేర్వాలె అన్న ఆ మాట వినగానే ఫిడేలు ఒళ్లో పెట్టుకొని అందరి ముందే ఏడ్చేశాను.