దేవాంగపిల్లి కనిపించని కొండ

పోయిన వారం కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడెక్కడి కాలేజీల పిల్లలకో దేవాంగపిల్లుల గురించి చెబుతున్నాను. సగంలో ఉండగా వంటింట్లోంచి గంజి పొంగి పొయ్యి మీద మాడుతున్న వాసన వచ్చింది. లేచి వెళ్ళడానికి లేదు. తెర మీద ఒక పక్క నా ముఖం, ఇంకో పక్క చింతకొమ్మ పట్టుకుని గుండ్రటి కళ్ళతో చూస్తున్న పిడికెడంత జంతువు, అవతల నాకు కనిపించని శ్రోతలు. మా ఇంట్లో ఇప్పటికీ గంజి వార్చే అన్నమే. కుక్కర్ అన్నం నాకు సయించదు, దానికి శిక్ష ఇదీ. నోరు మాట్లాడుతూనే ఉంది గానీ మనసు మా సొంతూరు గుడియాత్తం వెళ్ళిపోయింది. గంజి వాసన, సగంలో వదిలి లేవలేని పని, ఈ రెండూ కలిస్తే నాకు గుర్తొచ్చేది ఒక్కరే. మా రుక్మిణి మేడమ్.

ఆమె వేలూరులో నేను చదివిన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. కనియంబాడి వైపు తాపీమేస్త్రీ కూతురు. నేను గుడియాత్తంలో దేవాంగుల ఇంటి నేతగాడి కూతుర్ని, రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఇద్దరికీ ఇంట్లో తెలుగు, బయట అరవం. తెలుగు అక్షరాలు ఇద్దరికీ రావు. నేను తర్వాతెప్పుడో ఉద్యోగం మీద చిత్తూరు వైపు తిరిగేటప్పుడు కూడబలుక్కుని నేర్చుకున్నాను. కప్పను కోయడం నేర్పాల్సిన పీరియడ్‌లో మేడమ్ స్లైడ్ ప్రొజెక్టర్ మోసుకొచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టించి, గోడ మీద అడవిని చూపించేవారు. ఉక్కపోతకు చెమటలు కారుతున్నా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. మొదటిసారి దేవాంగపిల్లి బొమ్మ పడ్డప్పుడు నేను ఉండబట్టలేక, "ఇది యాడుంటాది మేడమ్?" అని అరిచినంత పని చేశాను. "మన పక్కనే ఉంటాదంటారు. మేల్పాడి అవతల కొండల్లో వెతికినాను" అని ఆమె వెంటనే స్లైడు మార్చేశారు. అంత తొందర ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నా డిగ్రీ పూర్తయ్యే ఏటికి మా చుట్టూ లోకం చకచకా మారిపోతోంది. వీధి చివర ఎస్టీడీ బూత్ వచ్చింది, అంగళ్ళలో రంగు టీవీలు వచ్చాయి, వేలూరు బస్టాండు చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలిచాయి. అలాంటి ఒక కోర్సు ఆయన ఏకంగా మా ఇంటికే వచ్చి, చేరితే ఉద్యోగం ఖాయమని నాయనకు చెప్పిపోయాడు. సరిగ్గా అదే వారం మేడమ్ నన్ను పిలిచి ఇంకో సంగతి చెప్పారు. మా జిల్లాలో దేవాంగపిల్లులు ఎక్కడెక్కడ మిగిలాయో చూడటానికి పరిశోధకులు వస్తున్నారు, వాళ్ళకు రెండేళ్ళ పాటు సహాయకురాలు కావాలి. ఆ జంతువు రాత్రి తప్ప బయటికి రాదు గనుక పనంతా రాత్రిపూటే. సోమవారం లోపల జవాబు చెప్పాలి. ఆ పని కావాలని నాకు ఎంత ఉందంటే అన్నం దిగలేదు. నాయన మాత్రం "అడివిలో ఆడపిల్లకు ఏం పని?" అని ఒక్క మాట అని మగ్గం గుంటలోకి దిగిపోయాడు. ఆయన గుంటలోకి దిగాడంటే ఇక వాదన ముగిసినట్టే.

నాయన మాట నేను చెబితే, ఆయనతో మాట్లాడటానికి ఆదివారం పొద్దున్నే మేడమ్ బస్సు దిగి మా వీధిలోకి వచ్చేసరికి వీధి పొడవునా లుంగీల పడుగు పరిచి ఉంది. నూలుకు గంజి పట్టించాక అది ఆరేలోపల ఇద్దరు మనుషులు చెరో వైపు నిలబడి, కుంచెలతో దువ్వుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉండాలి. మధ్యలో ఆగితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి పడుగంతా పాడైపోతుంది. చుట్టమే వచ్చినా, దేవుడే వచ్చినా ఆపరు. ఆ రోజు నాయనకు ఎదురు నిలబడాల్సిన మనిషి జ్వరంతో రాలేదు. నేను తెగిన పోగులు అతుకుతూ, గంజి కుండ మోస్తూ వెనకాల తిరుగుతున్నాను. మేడమ్ ఒక్క క్షణం చూసి, చేతిసంచి మా అరుగు మీద పెట్టి, కొంగు బిగించి, కుంచె అందుకున్నారు.

"టీచరమ్మా, మీకెందుకు ఇదంతా? చీర పాడైపోతాది" అన్నాడు నాయన.

"పోనీలే అన్నా. మీరు నిలబడి మాట్లాడరని పాప చెప్పింది. నడస్తానే మాట్లాడుకుందాం."

నాలుగు అడుగులు వేశారో లేదో ఆమె కుంచె కింద పోగులు పుటుక్కున తెగాయి. "మెల్లిగా అమ్మా! ఇదేమన్నా గోడా, సున్నం కొట్టినట్టు కొడతా ఉండారే!" అని నాయన కేకేశాడు. "మేస్త్రీ కూతుర్ని కదన్నా, ఆ చెయ్యి యాడికి పోతాది?" అని ఆమె పకపకా నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలోనే ఆయన అసలు ప్రశ్న, ఉద్యోగం సంగతి, అడిగాడు.

"ఆ రెండేండ్లు అయినంక ఈ పిల్లకు వేలై ఉంటాదా? కంప్యూటరాయన కట్టాయం ఉంటాదని చెప్పినాడు."

మేడమ్ పడుగు చివరిదాకా నడిచారు. వెనక్కి తిరిగి, "తెలీదన్నా. ఉంటాదని నేను చెప్పలేను" అన్నారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆమె ఊరుకోలేదు. "నేనూ పోయినాను. మూడేండ్లు ఆ కొండలంతా తిరిగినాను. ఒక్కటంటే ఒక్కటి కనపళ్ళేదు. నా పరిశోధన సగంలోనే నిలిచిపోయినాది, పట్టా రాలేదు. క్లాసులో నేను చూపించే ఫోటోలు కూడా వేరేవాళ్ళు తీసినవే. మీ పాపకూ అట్లే అయినా కావచ్చు."

నేను కుండ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమెను మించిన మనిషి లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. నా తరఫున మాట్లాడటానికి వచ్చి నాకే గొయ్యి తవ్విందనుకున్నాను. ఆమె ముఖం ఎర్రగా కందిపోయి ఉంది, కుంచె మాత్రం ఆపలేదు.

"రాత్రిళ్ళు భయం లేదా?" అన్నాడు నాయన కాసేపటికి.

"ఎందుకుండదు? పామంటే నాకు ఇప్పుడూ భయమే. కానీ ఒంటిగా పంపించరు. ఇంకో ఆడమనిషి, తావు తెలిసిన ఊరి మనిషి కూడా ఉంటారు."

"దేవాంగపిల్లి అంటిరే. మన పేరు పెట్టుకున్న జంతువా? అయితే అదీ మనమాదిరే పూట గడవక రాత్రంతా పని చేస్తాదేమో." నాయన ఎగతాళి చేస్తున్నాడంటే మెత్తబడుతున్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇంకో చుట్టు నడిచాక అన్నాడు. "ఏది అడిగినా ఉంటాది ఉంటాది అనేవాళ్ళనే చూసినాను టీచరమ్మా. తెలీదని చెప్పినది మీరొకరే. పోయి రానీ. ఏమీ కాకపోతే మగ్గం యాడికీ పోదు, ఈడనే ఉండాది."

అలా వెళ్ళాను. మేడమ్ తిరిగిన కొండల్ని మేము మళ్ళీ తిరగలేదు. అక్కడ లేవని తెలిసింది గనుక కొండ దిగి, పొలాల గట్ల మీది ముళ్ళకంపల్లో, ఊళ్ళ అంచున ఉన్న చింతతోపుల్లో వెతికాం. అక్కడున్నాయి. మొదటిది కనిపించిన మర్నాడు ఎస్టీడీ బూత్ నుంచి ఆమెకు ఫోన్ చేశాను. ఆమె, "కండ్లు ఎట్లుండాయి?" అని అడిగారు. టార్చి పడితే నిప్పుకణికల్లా మెరిశాయని చెప్పాను. "నిజంగానే అట్ల ఉంటాయా?" అన్నారు, చిన్నపిల్లలా. ఆమెను తీసుకెళ్ళి చూపించాలని ఎంతగానో అనుకున్నాను. ఒకసారి వెళ్ళాం కూడా, ఆ రోజు వాన పట్టుకుంది. తర్వాత ఆమె మోకాళ్ళు సహకరించలేదు.

ఇలా తెర ముందు కూర్చుని పరిశోధన గురించి, ఉద్యోగం గురించి చెప్పమని నన్ను పిలవడం మొదలైన కొత్తల్లో మేడమ్‌ను కూడా రమ్మన్నాను. రిటైరై ఇంట్లో ఉన్నారు. మనవరాలు ఫోను పట్టుకుంటే నెరిసిన జుట్టుతో తెరలో ఒక మూల కనిపించారు. ఈమె వెతికిన చోట్లు తెలియడం వల్లే నా పని సులువైందని నేను గొప్పగా చెప్పాను. ఒక కుర్రాడు మర్యాదగానే అడిగాడు. "అన్నేళ్ళు తిరిగి ఒక్కటీ కనిపించలేదంటే మీకు బాధగా లేదా మేడమ్?"

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మీ శ్రమ వృథా పోలేదు, అదీ ఇదీ. నేను నోరు తెరిచేలోపల ఆమె, "బాధ ఎందుకుండదు నాయనా? ఉండాది. ఇప్పుడూ ఉండాది" అన్నారు. "అయినా చూసినది చూసినట్టు చెప్పినాను. అంతే" అన్నారు. నా జవాబు నేను మింగేశాను. నా గెలుపు చూపించి ఆమె బాధను చెరిపేయడం తప్పని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఆమె తాను సొంతంగా తీసిన స్లైడ్లు నాకిచ్చేశారు. అన్నీ కొండలే. ఇప్పుడు ఆమె లేరు. నిర్వాహకులు ప్రతిసారీ, పిల్లల్లో ఉత్సాహం నింపేలా మొదలుపెట్టండి మేడమ్ అని కోరతారు. సరేనంటాను. మొదలుపెట్టగానే ఆ కొండల్లో ఒకదాన్ని తెర మీద పెట్టి, ఏం కనిపిస్తోందో రాయమంటాను. రాళ్ళు అని, తుమ్మచెట్లు అని, పొగమంచు అని రాస్తారు. కొంతసేపటికి ఎవరో ఒకరు విసుగెత్తి, ఏమీ లేదు అని రాస్తారు.

"సరిగ్గా చూశావు" అంటాను. "మా మేడమ్ మూడేళ్ళు అక్కడ నిలబడి చూసింది కూడా ఇదే."